ఎవరితో చెప్పుకొందుము?

ధ్యానమునకు వాక్యభాగములు: 1 సమూయేలు 1:9-18, మార్కు 5:21-43, యాకోబు 5:13-16, సామెతలు 11:13



మనుష్యుడు తన మనస్సులోని సంగతిని మరియొకరితో చెప్పుకొనుటకు ఎందుకు భయపడును? ఆ భయము తప్పా? తప్పయినచో అది చెప్పలేనివాని తప్పా, వినువారి తప్పా? ఈ ప్రశ్నలు మేము కూర్చుండి ఆలోచించి కల్పించినవి కావు. అఫ్జల్‌గంజ్‌లో ఒక డాక్టరు గది వాకిట నిలువబడియుండగా మాకు కలిగినవి. గనుక ముందుగా ఆ దినపు సంగతి చెప్పి, తరువాత వాక్యములోనికి వత్తుము.

మా సంఘములో ఒక సహోదరుడు కొన్ని నెలలుగా చిక్కిపోవుచుండెను. ఆదివారమున వెనుక వరుసలో కూర్చుండి, ఆశీర్వాదము ముగియకమునుపే లేచిపోవుచుండెను. ఏమి బాధ అని అడిగినవారికందరికి నడుము నొప్పి అనియే చెప్పుచు వచ్చెను. ఊరిలోని ఆర్.ఎం.పి. సూదులు వేసెను గాని గుణము కనబడలేదు. కడకు ఆయనను పట్నము తీసికొనిపోవలెనని సంఘములో అనుకొని, దారిఖర్చు సమకూర్చి, తోడుగా మేము ముగ్గురము బయలుదేరితిమి. ప్రేమతోనే బయలుదేరితిమి, అందులో సందేహము లేదు.

ఆయన పేరు గాని, ఊరు గాని, జబ్బు పేరు గాని ఇక్కడ వ్రాయము. ఎందుకు వ్రాయమో చదువరులకే తెలియును. ఆయన సరేయన్నంత మట్టుకే వ్రాయుచున్నాము.

తెల్లవారకమునుపే బస్సెక్కి, ఇమ్లీబన్ బస్టాండులో దిగి, అఫ్జల్‌గంజ్ చేరితిమి. 1857 నుండి 1869 వరకు ఏలిన ఐదవ నిజాము అఫ్జలుద్దౌలా పేరిట, మూసీ నది ఒడ్డున ధాన్యపు వర్తకుల కొరకు వెలసిన పేట అది. 1891లో మొదలై ఆసఫియా గ్రంథాలయమని పేరుపొంది, తరువాత రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమైన పెద్ద మేడ అక్కడనే యున్నది. పల్లెలవారు పెద్ద దవాఖాన అని పిలిచెడి ఉస్మానియా ఆసుపత్రియు అక్కడిదే. 2020 జూలైలో వాననీరు లోనికి రాగా దాని పాత భవనమును ఖాళీ చేసిరి. 2025 జనవరిలో గోషామహల్‌లో క్రొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగినది. వీధి నిండ సిటీ బస్సులు, ఆటోలు, తోపుడు బండ్లు, మూటలు మోయు హమాలీలు. ఆ జనములో మన పేరు ఎరిగినవాడు ఒక్కడైనను లేడు. మన వైపు తిరిగి చూచువాడును లేడు.

ఓ.పి. చీటీ వ్రాయువారు బాధ యేమని అడుగగా మాలో ఒకరు ముందుకు వంగి, నడుము నొప్పి అని చెప్పిరి. లోపల ఒక చిన్న వయస్సు డాక్టరమ్మ ఆ సహోదరుని చూచి, ఎన్నాళ్లనుండి అని అడిగెను. ఆయన నేల చూచెను. నాలుగు నెలలు అని మేము చెప్పితిమి. అన్నము సయించుచున్నదా అని అడిగెను. సయించుట లేదని మేమే చెప్పితిమి. ఆమె కలము క్రింద పెట్టి మమ్మును ఒక్కొక్కరినే చూచి, "పేషెంటు ఎవరు?" అనెను. తరువాత మెల్లగా, "మీరంతా కొంచెం బయట కూర్చోండి" అనెను.

మేము బయటికి వచ్చితిమి గాని మనస్సులో కొంచెము నొచ్చుకొంటిమి. ఇంత దూరము వెంటబెట్టుకొని వచ్చినవారము మనము పరాయివారమా అని మాలో ఒకరు అనిరి. అరగంట గడిచెను. ఆయన బయటికి వచ్చినప్పుడు కన్నులు తడిగా నుండెను; ముఖము మాత్రము తేటపడియుండెను. చేతిలో పరీక్షల చీటీలు నాలుగుండెను. నడుము మాట వాటిలో ఎక్కడను లేదు.

ఆసుపత్రి ఆవరణలో ఒక పాత చింతచెట్టున్నది. దాని నీడను కూర్చుండి తెచ్చుకొన్న సద్ది విప్పితిమి. సగము తినిన తరువాత ఆయన తానే నోరు తెరచెను. "డాక్టరమ్మకు చెప్పనీకి భయం గాలేదు అయ్యగారూ. మీ ముందట చెప్పనీకే భయమైంది" అనెను. మేము ఏమియు అనలేకపోతిమి. మరి కొంచెము సేపటికి, "ఆ అక్క సంగతి సంఘంల చెప్పుకుంటే ఏమైందో మీకెరుకే గదా" అనెను.

మాకు ఎరుకయే. రెండేండ్ల క్రిందట ఒక సహోదరి తన ఇంటి కష్టమును స్త్రీల కూటములో కన్నీటితో చెప్పుకొని, ప్రార్థించుడని వేడుకొనెను. ఆదివారము నాటి మాట బుధవారమునకు బోరింగు దగ్గర నలుగుచుండెను. శుక్రవారమునకు ప్రక్క ఊరిలోని ఆమె ఆడపడుచు చెవిని పడెను. చెప్పినవారందరు ఒక్కటే అనిరి: ప్రార్థన కొరకే చెప్పితిమి. ఆ సహోదరి మందిరమునకు వచ్చుట మానివేసెను.

ప్రియులారా, ఆ దినము మొదలుకొని మేము ఆలోచించినదానిని మీ ముందర పెట్టుచున్నాము.

మొదటిది, ఈ భయము ఎట్టిది?

ఇది క్రొత్తది కాదు. ఆదికాండము మూడవ అధ్యాయములో ఆదాము చెట్ల మధ్య దాగియుండెను. దేవుడు పిలిచినప్పుడు అతడు చెప్పిన కారణములో రెండు మాటలున్నవి: దిగంబరినైతినని యొకటి, భయపడితినని యొకటి. లోపలిది బయటపడునేమో అను భయమునకును దాగుకొనుటకును అంత దగ్గర చుట్టరికము. అయితే అదే అధ్యాయము చివర చూడుడి. దేవుడు వారిని దాగినచోటనుండి పిలిచెను గాని దిగంబరులుగా నిలువబెట్టి ఊరకుండలేదు. చర్మముతో వస్త్రములు చేసి తొడిగించెను. బయటికి పిలిచిన చెయ్యియే కప్పినది. కప్పుటకు వస్త్రము చేతలేనివాడు ఎవరిని బయటికి రమ్మని పిలువవచ్చును?

నలుగురిలో నోరు తెరచుటకు సంకోచము అందరికిని కొంత యుండును. కొందరికి అది మితిమీరును. మాటలాడవలెననగానే గుండె దడదడలాడును, నాలుక ఎండును, చేతులు వణకును, నలుగురు తన్ను చూచి ఏమనుకొందురో అను తలంపు ముందే వచ్చి గొంతు నొక్కును. తుదకు వారు ఆ చోటికి పోవుటయే మానుకొందురు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘము తన వ్యాధుల పట్టికలో దీనికి వేరుగా ఒక పేరే పెట్టినది. ఓపికతో మాటలాడించుట, కొద్దికొద్దిగా అలవాటు చేయుట, అవసరమైనచో మందు, వీటివలన ఇది తగ్గును. గనుక అట్టి సహోదరుని చూచి నీకు విశ్వాసము చాలదని గద్దించుట, కాలు విరిగినవానిని చూచి నీకు నడవ మనస్సు లేదనుటవంటిది.

అయితే మా సహోదరుని భయము వ్యాధి కాదు. అది చూచి నేర్చుకొన్న భయము. ఆ అక్క సంగతి చూచెను గనుక నోరు మూసికొనెను. అది బుద్ధిహీనత అని మేము అనలేము.

ఇంకొక విషయము గమనింపుడి. బస్సులో ప్రక్కన కూర్చున్న ముక్కుమొగము తెలియని వానితో మనుష్యుడు తన కాపురమంతయు చెప్పుకొనును. ఇంటికి వచ్చి తోడబుట్టినవానితో చెప్పడు. ఎందుకు? ఆ అపరిచితుడు తన ఊరిలో దిగిపోవును. మన మాటయు వానితోనే దిగిపోవును. పల్లెలో చెప్పిన మాట దిగిపోదు. రేపును అదే బావి, అదే కల్లము, అదే మందిరము. ఒకసారి చెప్పినవాడు జీవితమంతయు ఆ మాటతోకూడ ఆ ఊరిలో నడువవలెను. అఫ్జల్‌గంజ్ జనములో మనలను ఎవరును ఎరుగకపోవుట మనకు దిక్కులేనితనమువలె తోచును. బరువు మోయుచున్నవానికి అదే చాటు. ఒకరినొకరము ఎరిగియుండుట మన సంఘములకు దేవుడిచ్చిన మేలు. ఆ మేలునే కొందరికి చెరసాల చేసినవారము మనము.

రెండవది, దాచుటవలన నష్టము లేదా?

ఉన్నది, చాల ఉన్నది. ముప్పది రెండవ కీర్తనలో దావీదు మౌనముగా నున్న కాలమున తన యెముకలు క్షీణించిన సంగతి చెప్పుకొనెను. అది పాపమును గూర్చి చెప్పినదే గాని, దాచిన ప్రతి బరువు ఎముకలను తినుననుట మనము చూచుచునే యున్నాము. క్షయకు సర్కారు దవాఖానలో మందు ఉచితము. సాధారణముగా ఆరు నెలలు మానక మ్రింగిన నయమగును. అయినను మందు తెచ్చుకొనుచుండగా ఎవరైన చూతురేమోనని నడుమ మానివేయువారున్నారు. అట్లు మానినందున జబ్బు మందుకు లొంగనిదగును. కుష్ఠు సంగతియు అంతే. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో 1915లో మిషనరీ వైద్యురాలు ఇసబెల్ కెర్ దొరసాని ఆసుపత్రి తెరచిన దినములలో ఆ రోగమునకు సరియైన మందు లేదు. 1982 తరువాత పలు మందులు కలిపి ఇచ్చు చికిత్స వచ్చినది. ఆరు నెలలలోనో పండ్రెండు నెలలలోనో నయమగును. అయినను స్పర్శలేని తొలి మచ్చను చొక్కా క్రింద దాచువారు నేటికిని కలరు. వారు భయపడునది రోగమునకు కాదు, మనకు.

శరీరపు జబ్బే కాదు. అప్పు, కొడుకు త్రాగుడు, కుమార్తె కాపురము, మనస్సులోని చీకటి, ఇవన్నియు దాచినకొలది పెరుగునవే. ప్రాణము తీసికొందునన్న తలంపు వచ్చినవారు ఎవరితోనైన ఆ దినమే చెప్పవలెను. ఊరిలో చెప్పుకొనుటకు నోరు రానివారికి 2022 అక్టోబరు నుండి టెలీ మానస్ అను సర్కారు ఫోను సేవ యున్నది. సంఖ్య 14416. ఉచితము, తెలుగులో మాటలాడవచ్చును, ముఖము కనబడదు. ఈ సంఖ్యను మందిరపు గోడమీద వ్రాయించుట తప్పు కాదు.

మూడవది, అయినచో అన్నియు అందరితో చెప్పవలెనా?

అక్కరలేదు. మన కూటములలో ఒక దురభ్యాసమున్నది. లేచి అంతయు చెప్పినవాడు ఆత్మీయుడు, ఊరకున్నవాడు ఏదో దాచుచున్నవాడు అనుకొందుము. వాక్యమట్లు చెప్పుట లేదు. హన్నాను చూడుడి. ఆమె పెదవులు కదలుట చూచి యాజకుడైన ఏలీ ఆమె మత్తురాలై యున్నదనుకొనెను. ఆమె తాను త్రాగలేదని, మనోదుఃఖము గలదాననని, యెహోవా సన్నిధిని తన ఆత్మను కుమ్మరించుకొనుచున్నానని మాత్రము చెప్పెను. ఆ దుఃఖమేమో, ఆ మనవి యేమో ఏలీకి చెప్పలేదు. ఏలీయు అడుగలేదు. అడుగకయే, నీవు కోరినది దేవుడు దయచేయును గాక అన్న భావముతో సమాధానము పలికి పంపెను. మొదట తొందరపడి తీర్పు తీర్చినవాడే, తరువాత తెలియని మనవికి ఆమేన్ చెప్పువాడాయెను. బిడ్డ పుట్టి పాలు విడిచిన తరువాత, ఆమె తనంతట తానే వచ్చి, నేను ప్రార్థించినది వీని కొరకే అని ఏలీతో చెప్పెను. చెప్పవలసిన గడియను ఆమె ఎంచుకొనెను.

యాకోబు మన పాపములను ఒకరితో ఒకరము ఒప్పుకొనవలెనని వ్రాసినమాట నిజమే. అయితే అంతకు ముందు వచనములలో నున్నది రోగి మంచము. పెద్దలను అక్కడికి పిలిపించువాడు ఆ రోగియే. మన ప్రభువు గెత్సేమనేలో శిష్యులను ఒకచోట కూర్చుండబెట్టి, ముగ్గురిని మాత్రము లోనికి తీసికొనిపోయి, తన ప్రాణము ఎంత దుఃఖములో మునిగియున్నదో వారితో చెప్పెను. ఆయనయే అందరితో చెప్పలేదు. ఎవరితోను చెప్పకయు ఉండలేదు.

గనుక భయపడుచున్న సహోదరునితో మేము చెప్పునది ఇదే: అందరితో చెప్పనక్కరలేదు, ఒకరితో చెప్పుము. ఇతరుల సంగతి నీ దగ్గరకు మోసికొని రానివానిని ఎంచుకొనుము. ఇతరులది నీకు తెచ్చువాడు నీది ఇతరులకు తీసికొనిపోవును. మొదట చిన్న మాట చెప్పి చూడుము. అది చెప్పినచోటనే యున్నదని తెలిసిన తరువాత పెద్దది చెప్పుము.

నాలుగవది, వినువారి బాధ్యత.

మా మనస్సులో ఎక్కువ భారముగా నున్నది ఇదే. మార్కు అయిదవ అధ్యాయములో ఇద్దరి సంగతి ఒకదానిలో ఒకటి అల్లుకొనియున్నది. పండ్రెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ జనసమూహములో నుండి వచ్చి ప్రభువు వస్త్రము ముట్టెను. నన్ను ముట్టినదెవరని ఆయన అడుగగా ఆమె వణకుచు వచ్చి సత్యమంతయు చెప్పెను. ఆయన ఆమెను అందరియెదుట నిలువబెట్టుట న్యాయమా అని కొందరు అడుగుదురు. మేమును అడిగితిమి. చూడుడి, ఆమె జబ్బు పేరు ఆయన నోట రాలేదు. చెప్పినది ఆమెయే. ఆయన నోట వచ్చినది కుమారీ అను పిలుపు. ధర్మశాస్త్రము చొప్పున అపవిత్రురాలని ఊరంతయు దూరముంచినదానిని, ఆ ఊరి యెదుటనే తన బిడ్డగా చేసికొనెను. ఆ పిలుపు చాటున జరిగియుండినచో ఆమె స్వస్థత ఎవరికిని తెలియక, ఆ దూరము ఆ దూరముగానే యుండును.

అక్కడనుండి ఆయన యాయీరు ఇంటికి వెళ్లెను. అక్కడ ఏమి చేసెను? ఏడ్చుచున్నవారిని, గొల్లుచేయుచున్నవారిని అందరిని బయటికి పంపివేసెను. తల్లిదండ్రులను, ముగ్గురు శిష్యులను మాత్రమే లోపల ఉండనిచ్చెను. తరువాత ఈ సంగతి ఎవరికిని తెలియనియ్యవద్దని గట్టిగా ఆజ్ఞాపించి, చిన్నదానికి తినుటకు పెట్టుడని చెప్పెను. ఒకే దినమున ఒకరిని జనము ఎదుట ఆదరించెను, ఇంకొకరి కొరకు జనమును బయటికి పంపెను. ఎవరికి ఏది మేలో ఎరిగి చేసెను. ఆ డాక్టరమ్మ మమ్మును బయటికి పంపినప్పుడు మేము నొచ్చుకొంటిమి. యాయీరు ఇంటి వాకిట నిలిచినవారిలో మేమును ఉంటిమని తరువాత తెలిసికొంటిమి.

రోగి సంగతి వైద్యుడు బయటపెట్టరాదనుట హిప్పోక్రటీసు నాటినుండి వచ్చుచున్న నీతి. మన దేశములో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగి సంగతి గోప్యముగా నుండుట అతని హక్కు అని చెప్పుచున్నది. అదే ఏటి హెచ్.ఐ.వి. చట్టము, ఆ వ్యాధి గలవాని సంగతి అతని సమ్మతి లేక బయలుపరచరాదని చెప్పుచున్నది. లోకపు చట్టము ఇంత జాగ్రత్త పడుచుండగా, కొండెగాడు పరుల గుట్టు బయటపెట్టుననియు నమ్మకమైనవాడు సంగతి దాచుననియు సామెతలలో చదివిన మనము అంతకంటె తక్కువగా నుండవచ్చునా?

మా సంఘములో కొన్ని తీర్మానములు చేసికొంటిమి. అడిగినవారి సెలవు లేక ప్రార్థనలో పేరు ఎత్తము. పేరు లేకయే ఒక సహోదరుడు, ఒక కుటుంబము అని ప్రార్థింతుము, దేవునికి చిరునామా తెలియును. సాక్ష్యము చెప్పుమని ఎవరిని లేవనెత్తము. రోగికి తోడుగా పోవువారు డాక్టరు గది వాకిట ఆగుదురు, రోగి లోనికి రమ్మన్న తప్ప. ఏమి జబ్బు అని అడుగుటకు మారుగా, అన్నము తింటివా, పొలము నీళ్లు చూడవలెనా, పిల్లలను బడికి దింపవలెనా అని అడుగుదుము. సంగతి తెలియకయే బరువు మోయవచ్చును.

మరల ఆ చింతచెట్టు మాట. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని కొట్టుకొనిపోయినప్పుడు, అఫ్జల్‌గంజ్‌లో అప్పటి ఆసుపత్రి కూలిపోయెను. ఈ చెట్టెక్కి దాదాపు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఎక్కినవారి పేరు, కులము, గుట్టు ఆ చెట్టు అడుగలేదు. నూరేండ్లు దాటినను ఎవరికిని చెప్పలేదు. నీరు తీయువరకు పట్టుకొనియుండెను, అంతే. మన భాషలో చింత అనగా చెట్టును అదే, మనోవేదనయు అదే. మన చింతలను ప్రభువుమీద వేయవలెనని పేతురు నేర్పెను. ఆయన సంఘమని పేరు పెట్టుకొన్న మనము, ఒకని చింతను మోసి, నోరు మెదపక నిలువగలమా?

ఆ సాయంకాలమే మాకు పరీక్ష వచ్చెను. తిరుగు బస్సులో ప్రక్క ఊరివాడొకడు మమ్మును గుర్తుపట్టి, "ఏంది, అందరు కలిసి పట్నం పోయిండ్రు? ఎవరికి బాగలేదు?" అని అడిగెను. సహోదరుడు కిటికీ వైపు తిరిగి కూర్చుండెను. మాలో ఎక్కువ మాటలాడువారు నోరు తెరచి, ఒక గడియ ఆగి, "చిన్న పనుండె. నీ పత్తి ఎట్లున్నది ఈ ఏడు?" అనిరి. అతడు పత్తి సంగతి ఊరు వచ్చువరకు చెప్పెను.

మందిరము విడిచిన ఆ సహోదరి ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగితిమి. వాకిట మంచము వేసి, మంచినీళ్లిచ్చెను. ఇంకను మందిరమునకు రాలేదు. ఆమె కొరకు కనిపెట్టుచున్నాము, తొందరపెట్టము. పట్నము వచ్చిన సహోదరుని చికిత్స పూర్తియైనది. ఇప్పుడు మూడవ వరుసలో కూర్చుండి ఆశీర్వాదము వరకు ఉండుచున్నాడు. తన జబ్బు సంగతి మా ముగ్గురిలో ఒకరికి తానే చెప్పుకొనెను. మిగిలిన ఇద్దరికి నేటికిని తెలియదు. తెలియనక్కరలేదు.